మేకుకే ఉండిపోయిన అద్దం

పొద్దున్నే షాపు షట్టర్ సగం మాత్రమే ఎత్తి, వంగి లోపలికి దూరాడు చిన్నోడు. పూర్తిగా ఎత్తితే ఎవరో ఒకరు వచ్చి కుర్చీలో కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళు ఊరుకోరు, పెద్దాయనకి ఎలా ఉందని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఓపిక అతనికి ఎప్పుడో అయిపోయింది. పేరుకి చిన్నోడేగాని చెంపలు నెరిశాయి, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా తల్లీ అక్కా ఆ పిలుపు మానలేదు గనక వీధి కూడా మానలేదు.

లోపల రెండు కుర్చీలు. కిటికీ పక్కది తండ్రిది, దాని మీద తువ్వాలు కప్పి ఉంది. రెండోది తనది. చిన్నోడు తండ్రి తోలుసంచీ తీసి బల్ల మీద పెట్టాడు. చిన్న కత్తెర, దువ్వెన, బ్యాటరీ ట్రిమ్మర్, మెత్తటి కుంచె, ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ, ఒక్కొక్కటే తుడిచి అందులో సర్దాడు. పిడి ఉన్న చేతి అద్దాన్ని కూడా తీసి, నోటితో ఆవిరి ఊది తుడిచి, మళ్ళీ మేకుకి తగిలించాడు. గడ్డం గీసే కత్తి పెట్టబోయి, ఆసుపత్రిలో ఒప్పుకోరని ఆగిపోయాడు.

తండ్రిని వీధిలో అందరూ అలాగేగారు అంటారు. వెనకాల బాగా పొట్టిగా చెయ్యమంటే అలాగే. పొట్టిగా వద్దంటే అలాగే. చెరో పార్టీవాళ్ళు పక్కపక్కన కూర్చుని చెరో మాట అన్నా ఇద్దరికీ అలాగే. నోటితో ఎవరి మాటా కాదనేవాడు కాదు. ఆయన కత్తెర మాత్రం ఎవరి మాటా వినేది కాదు, ఆ తలకి ఏది నప్పుతుందో అదే చేసేది. పని అయ్యాక చేతి అద్దం తీసి తల వెనకాల పట్టుకుని ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేవాడు. "చూసుకోండి. ఇప్పుడు మీరేనా?" అడిగి, జవాబు చెప్పే నోటి వంక చూసేవాడు కాదు, కళ్ళ వంక చూసేవాడు. కళ్ళు తడబడితే మళ్ళీ గుడ్డ కప్పేవాడు. అద్దం చూపించకుండా ఒక్క మనిషిని కుర్చీ దిగనిచ్చిన పాపాన పోలేదు.

కొడుక్కి ఆ గుణం అబ్బలేదు. నప్పకపోతే నప్పదని మొహం మీదే చెప్పేస్తాడు. అందుకని అతనికి కాదుగారని పేరు పెట్టారు. ఒకే షాపులో ఒక అలాగేగారు, ఒక కాదుగారు. వీధికి అంతకంటే కాలక్షేపం ఏం కావాలి?

వెనక తలుపు లోంచి తల్లి వచ్చింది. ఇల్లు షాపుని ఆనుకునే ఉంటుంది.

"అన్నీ సర్దావా?"

"సర్దానమ్మా. మొహమంతా గడ్డం పెరిగిపోయి ఎవరోలా ఉన్నాడు. ఇవాళ గీసేస్తా. నర్సమ్మని అడిగితే, ట్యూబు కదపకుండా చేసుకోమంది."

"ముందు డాక్టరమ్మ రమ్మంది కదా. అక్క కూడా నేరుగా అక్కడికే వస్తానంది." ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది. బిగించినదాన్నే మళ్ళీ బిగించింది. "ఒరే, ఆవిడ ఏం చెప్పినా పూర్తిగా విను. మధ్యలో లేవకు."

"ఏం చెప్తుందో నాకు తెలుసమ్మా. ఇక లాభం లేదు, తీసుకుపొమ్మంటుంది."

"చూశావా, వినకముందే లేచావు," అంది తల్లి.

డాక్టరమ్మ గది చిన్నది. నాలుగు కుర్చీలు వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. అక్క అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. బడిలో లెక్కల టీచరు, ఎక్కడ కూర్చున్నా వీపు నిటారుగానే ఉంటుంది. కాని ఇవాళ జడ సరిగ్గా వేసుకోలేదని చిన్నోడు గమనించాడు. తలల మీద చూపు పడటం అతనికి వృత్తితో వచ్చిన జబ్బు.

డాక్టరమ్మ నెమ్మదిగా మొదలుపెట్టింది. "ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని మీకు ముందునుంచీ తెలుసు. ఈసారి వచ్చిన నిమోనియా మిగిలిన కాస్తనీ పాడుచేసింది. మెషిన్ తీస్తే సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ఇక మీదట కూడా తీసుకోలేరు. నిన్నటి నుంచి కిడ్నీలు కూడా మందగించాయి. మత్తు తగ్గించి చూశాం. కళ్ళు తెరుస్తున్నారుగాని ఎవర్నీ గుర్తుపట్టడం లేదు."

తల్లి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ వింటోంది.

"గొంతు దగ్గర రంధ్రం చేసి మెషిన్ అక్కడి నుంచి పెట్టచ్చు. కిడ్నీల పని ఇంకో మెషిన్‌తో చేయించచ్చు. అలా కొన్ని వారాలు నడవచ్చు. కాని దానివల్ల ప్రయోజనం లేదని ఇక్కడి డాక్టర్లందరి అభిప్రాయం. లేదంటే ఆయాసం, నొప్పి తెలియకుండా మందులిచ్చి, మెషిన్ తీసేసి, మీ అందరి మధ్యా ప్రశాంతంగా ఉంచచ్చు."

"ప్రయోజనం లేదని ఎలా తేల్చేస్తారండీ?" చిన్నోడు లేవనే లేచాడు. తల్లి చొక్కా పట్టుకు లాగి కూర్చోబెట్టింది. కూర్చున్నా గొంతు తగ్గలేదు. "కొన్ని వారాలు నడుస్తుందని మీరే అన్నారు. మా నాన్న ఇంకొన్నాళ్ళు ఉండటం ప్రయోజనం కాదా? మరింకేది ప్రయోజనం?"

"మీరు అడిగింది న్యాయమే," అంది డాక్టరమ్మ. "అసలు పనే చెయ్యని వైద్యమైతే అది వృథా అని నేనే చెప్పేస్తాను. మీరు కాళ్ళు పట్టుకున్నా చెయ్యను. ఇది అలాంటిది కాదు. ఈ మెషిన్లు పని చేస్తాయి, గుండె ఆగకుండా చూస్తాయి. కాని ఆయన్ని లేపి కూర్చోబెట్టలేవు, మీతో మాట్లాడించలేవు, ఇంటికి పంపలేవు. అలా ఉండటం చాలు అనుకునేవాళ్ళు ఉంటారు, చాలదనుకునేవాళ్ళూ ఉంటారు. మీ నాన్నగారు ఏ రకమో నా చదువుతో తేలదు. ఆయనైతే ఏమనేవారో మీరు చెప్పాలి."

"నాకు తెలుసు," అన్నాడు చిన్నోడు.

"నాకు తెలుసు," అంది అక్క అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పోయినసారి ఇక్కడి నుంచి ఇంటికి వచ్చాక నేను అడిగాను," అన్నాడు చిన్నోడు. "ఏం చేసైనా సరే నిన్ను దక్కించుకుంటాం, సరేనా నాన్నా అన్నాను. అలాగేరా అన్నాడు."

"నేనూ అడిగాను. ఈ గొట్టాలూ మెషిన్లూ మళ్ళీ వద్దు కదా నాన్నా అన్నాను. అలాగేనమ్మా, వద్దులే అన్నాడు."

"అబద్ధం!"

"నీకు చెప్పింది నిజమూ, నాకు చెప్పింది అబద్ధమూనా?"

డాక్టరమ్మ తల్లి వైపు తిరిగింది. "మీతో ఏమైనా అన్నారామ్మా?"

"అన్నాడు తల్లీ. నాకంటే ముందు పోనని మాటివ్వమన్నా." ఆవిడ నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు చేసింది. "అలాగే అన్నాడు."

జీవితమంతా ఎవరినీ నొప్పించని మనిషి ఇంట్లో ముగ్గురికీ మూడు మాటలిచ్చి, ఏ మాటా చెప్పలేని చోట పడుకున్నాడు. చిన్నోడికి తండ్రి మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్కసారి, ఒక్కసారైనా కాదు అని ఉంటే ఏం పోయేది?

"నాన్న చేతులు మంచానికి ఎందుకు కట్టారో అడుగమ్మా వీడిని," అంది అక్క. "మెలకువ వచ్చిన మొదటి రోజే ట్యూబు పీకెయ్యబోయాడు. అది చాలదా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "అది లెక్కలోకి తీసుకోకండమ్మా. మత్తులో, గందరగోళంలో చాలామంది అలా లాగుతారు. దాన్ని ఆయన నిర్ణయం అనలేం."

"విన్నావుగా?" చిన్నోడికి ఊతం దొరికింది. "అంతదాకా ఎందుకు? మన వీధి బ్యాండు మాస్టారిని వాళ్ళ పిల్లలు చూసుకోలేదా? గొంతులో రంధ్రంతో, మెషిన్‌తో, ఇంట్లోనే పెట్టుకుని ఎంతకాలం చూశారు! నాన్న వారం వారం వెళ్ళి గడ్డం గీసి వచ్చేవాడు. ఒక్క రోజైనా ఇదేంటని అన్నాడా? బాగా చూసుకుంటున్నారండీ అనే చెప్పేవాడు. నాన్నకి అది తప్పనిపించలేదు. మీకే అనిపిస్తోంది."

మధ్యాహ్నం మళ్ళీ కూర్చుందామని, అప్పటిదాకా ఏదీ మార్చబోమని చెప్పి డాక్టరమ్మ లేచింది.

అసలు గొడవ బయట వరండాలో జరిగింది. అటూ ఇటూ స్ట్రెచర్లు తోసుకెళ్తున్నారు. చిన్నోడు గొంతు తగ్గించి మాట్లాడబోయాడుగాని, తగ్గించినకొద్దీ మాటలు పదునెక్కాయి.

"నీకెందుకక్కా అంత తొందర? నువ్వు సెలవు దొరికినప్పుడు వచ్చి చూసిపోయేదానివి. నేను పొద్దున లేస్తే నాన్న పక్కనే నిలబడతాను. రేపు ఖాళీ అయ్యేది నా పక్క కుర్చీ. నీ పక్కది కాదు."

అక్క మొహం తెల్లబోయింది. "అవునురా. కుర్చీ నీ పక్కదే," అంది మెల్లగా. "ఆ మంచం మీద పడుకున్నది మాత్రం నాన్న."

"నా నోటితో నాన్నని చంపెయ్యమని చెప్పించాలని చూడకు!"

స్ట్రెచర్ తోసేవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. అక్క వెళ్ళి వరండా చివర కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడింది. వీపు మాత్రం నిటారుగా లేదు.

తల్లి బెంచీ మీది తోలుసంచీ తీసి కొడుకు చేతిలో పెట్టింది. "గడ్డం గీస్తానని కదా వచ్చావు. వెళ్ళి గియ్యి. ఇక్కడ నిలబడితే ఇంకా ఏమైనా అంటావు."

లోపల తండ్రి మంచం చుట్టూ తెర లాగి ఉంది. మెషిన్ ఊపిరి పోస్తోంది, దానితోపాటే ఆయన ఛాతీ లేచి దిగుతోంది. రెండు చేతులకీ దూది కుక్కిన తొడుగులు వేసి, మెత్తటి పట్టీలతో మంచం కడ్డీలకి కట్టారు. చిన్నోడు చేతులు కడుక్కుని, తెల్లగుడ్డ దులిపి తండ్రి మెడ కింద పరిచాడు. మడత మెడ దగ్గరికి రాగానే వేళ్ళు వాటంతటవే అంచు లోపలికి దోపాయి. ఈ పని నేర్పింది ఈయనే. నేర్పేటప్పుడు కూడా అది తప్పురా అనలేదు. అలాగేరా, ఇలా కూడా చేసి చూడు అన్నాడు.

"నాన్నా, గడ్డం గీస్తున్నా," అన్నాడు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అవి పైకప్పు వంక ఉన్నాయి, అతని మొహం అడ్డు వచ్చినా పైకప్పు వంకే ఉన్నాయి.

ట్రిమ్మర్ చెంప మీద ఆనించి మెల్లగా నడిపించాడు. బూడిదరంగు వెంట్రుకలు గుడ్డ మీద రాలాయి. బుగ్గలు లోపలికి పోయాయి గనక, తండ్రి చెప్పినట్టే రెండు వేళ్ళతో చర్మం కాస్త లాగి పట్టుకున్నాడు. దవడ కింద, చెవి దగ్గర, గొంతు మీద గీశాడు. రంధ్రం చేస్తామన్నది ఇక్కడే కదా అనుకోగానే చెయ్యి ఆగింది, మళ్ళీ నడిచింది. మూతి దగ్గర ట్యూబు కదలకుండా ప్లాస్టర్లు అంటించారు. మీసం వాటి కిందే ఉండిపోయింది, దాన్ని ముట్టుకోలేదు. కుంచెతో మొహం తుడిచి, గుడ్డ నాలుగు మూలలూ కలిపి జాగ్రత్తగా మడిచాడు. పని అయిపోయింది.

అలవాటుగా కుడిచెయ్యి సంచీలోకి వెళ్ళింది. దువ్వెన తగిలింది, కత్తెర తగిలింది. అద్దం తగల్లేదు. సంచీ మంచం మీద బోర్లించి చూశాడు. లేదు.

మర్చిపోయాను అనుకున్నాడు ముందు. కాని మర్చిపోలేదు. పొద్దున చేతిలోకి తీసుకున్నాడు, ఆవిరి ఊదాడు, తుడిచాడు, మళ్ళీ మేకుకి తగిలించాడు. సంచీ మూత అప్పటికి తెరిచే ఉంది. ఇన్నేళ్ళలో తండ్రిలాగే అద్దం లేకుండా ఒక్క తల పనీ ముగించని మనిషి, తండ్రి గడ్డం గియ్యడానికి వస్తూ దాన్ని గోడకే వదిలేసి వచ్చాడు.

అప్పుడు గుర్తొచ్చింది. బ్యాండు మాస్టారింటికి తండ్రి బయల్దేరుతున్న ఒక ఆదివారం, మేకు మీద అద్దం కనిపించి దాన్ని పట్టుకుని వీధి మలుపు దాకా వెనకే పరిగెత్తాడు తను.

"నాన్నా, అద్దం మర్చిపోయావు!"

"మర్చిపోలేదురా," అన్నాడు తండ్రి. "మొదటి వారం పట్టుకెళ్ళాను. అక్కడ దానితో పని లేదు."

"అదేంటి? మరి ఆయన్ని అడగవా?"

తండ్రి ఎటో చూస్తూ సంచీ ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. "ఎవర్నని అడగనురా?" అని నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వెళ్ళిన ఏ ఆదివారమూ ఆ అద్దం మేకు దిగలేదు. వాళ్ళ పిల్లలతో మాత్రం బాగా చూసుకుంటున్నారండీ అని చెప్తూనే ఉన్నాడు. ఎలాగూ ఆ నోరు కాదని అనదు. కత్తెర పట్టిన చెయ్యే ఎప్పుడూ నిజం చెప్పేది. అంత పెద్ద 'కాదు'ని పక్కనే ఉన్న కొడుక్కి ఒక్కడికే చెప్పాడు, కొడుకు దాన్ని ఒట్టి అద్దం సంగతే అనుకున్నాడు. ఇందాక డాక్టరమ్మ ముందు అదే ఇంటిని చూపించి మరీ వాదించాడు.

ఇవాళ పొద్దున తన చెయ్యి కూడా అదే చెప్పింది. నోరే ఒప్పుకోలేదు.

"నాన్నా," అని మాత్రం అనగలిగాడు. కట్టేసిన తొడుగు మీద మొహం ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తెర అవతలి నుంచి నర్సమ్మ తొంగి చూసి, మళ్ళీ తెర లాగి వెళ్ళిపోయింది.

బయటికి వచ్చేసరికి అక్క ఇంకా కిటికీ దగ్గరే ఉంది. అతను వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"అక్కా, బ్యాండు మాస్టారింటికి నాన్న అద్దం పట్టుకెళ్ళేవాడు కాదు."

అక్క చటుక్కున ఇటు తిరిగింది. ఆ ఇంట్లో పుట్టినదానికి ఇంకో మాట చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఆ కుర్చీలో కూర్చుని, ఇప్పుడు నువ్వేనా తల్లీ అని అడిగించుకున్నదే. చేత్తో నోరు మూసుకుంది.

"నేనూ ఇవాళ తేలేదు," అన్నాడు చిన్నోడు. "నాకు తెలుసక్కా. తెలిసే నీ మీద అరిచాను. ఆ కుర్చీ ఖాళీ అయితే నేను చూడలేను. అందుకని నాన్నని అక్కడే పడుకోబెట్టి ఉంచాలనుకున్నాను. నన్ను క్షమించు."

"ఛీ, ఊరుకో." అక్క అతని నెరిసిన చెంప మీద చెయ్యి వేసింది. "నాకు మాత్రం తొందరనుకున్నావా? అలాగేనమ్మా అని ఆయన అన్నప్పటి నుంచీ, నేను అడగబట్టే అలా అన్నాడేమోనని నాకు నిద్ర లేదురా. నువ్వు కాదంటే నా మీది భారం దిగుతుందని కూడా అనుకున్నాను."

ఇద్దరూ వెళ్ళి తల్లికి చెరో పక్కన కూర్చున్నారు. అద్దం సంగతి చిన్నోడే చెప్పాడు. ఆవిడ అంతా విని, ఫ్లాస్కు మూత విప్పి మళ్ళీ బిగించింది.

"నాకిచ్చిన మాట తప్పుతున్నాడన్నమాట," అంది చివరికి. కళ్ళు తుడుచుకుంది. "పోనీలే. తప్పనీ. మొత్తానికి మొదటిసారి నా మాట కాదన్నాడు."

మధ్యాహ్నం డాక్టరమ్మకి చెప్పింది చిన్నోడే. కాదుగారనే పేరున్న మనిషికి ఆ మాట అంత కష్టంగా ఎప్పుడూ రాలేదు. "గొంతులో రంధ్రం వద్దండి. రెండో మెషిన్ వద్దు. ఇదీ తీసెయ్యండి. నాన్నకి అది చాలదు." ఆవిడ ఏ వాదనా చెయ్యలేదు, ఏ ఓదార్పూ పలకలేదు. ఆయాసం తెలియకుండా ముందే మందు ఇస్తామని, ఎంతసేపు ఉంటారో చెప్పలేమని, మీరెవరూ బయటికి వెళ్ళక్కర్లేదని మాత్రం చెప్పింది. చంపుతున్నామా అని చిన్నోడు మెల్లగా అడిగాడు. జబ్బు తీసుకెళ్తోంది, మనం అడ్డం నిలబడటం మానేస్తున్నాం అంది డాక్టరమ్మ.

"ముందు ఆ చేతులు విప్పండమ్మా," అంది తల్లి.

పట్టీలు విప్పారు, తొడుగులు తీశారు. తల్లి ఒక చెయ్యి పట్టుకుంది, అక్క ఇంకోటి. ట్యూబు తీశాక నర్సమ్మ ప్లాస్టర్లు ఊడదీసి, జిగురు తడిగుడ్డతో తుడిచింది. గదిలో మెషిన్ చప్పుడు ఆగిపోయింది. తండ్రి సొంత ఊపిరి వినిపించింది, చిన్నగా, మధ్య మధ్య ఆగుతూ. నుదుటి మీద ఒక్క ముడత కూడా లేదు.

ప్లాస్టర్ల కింద ఉండిపోయిన మీసం బయటపడింది. ఒకవైపు అణిగిపోయి, ఇంకోవైపు పెదవి మీదికి పెరిగిపోయి ఉంది.

"ఒరే, అదేంటి అలా వదిలేశావు?" అంది తల్లి.

చిన్నోడు దువ్వెన తీసి మీసం తడిపి దువ్వాడు. చిన్న కత్తెరతో ఎడమ పక్క కాస్త, కుడి పక్క కాస్త. రాలినవి కుంచెతో తుడిచి వెనక్కి జరిగాడు. చెయ్యి ఖాళీగా గాల్లో ఆగింది.

తల్లి ముందుకి వంగింది. నుదురు, చెంపలు, మీసం, గడ్డం, అన్నీ నింపాదిగా చూసింది. ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్న మొహమే, తొందరేం లేనట్టు చూసింది.

"ఆఁ," అంది. "ఇప్పుడు ఆయనే."